మీ ప్రశ్నలు – మా జవాబులు: గమనించడమే పని

ధ్యానం మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బౌద్ధుల సతిపట్ఠాన సాధన గురించే. కురుదేశంలో కమ్మాసధమ్మమనే ఊళ్ళో బుద్ధుడు భిక్షువులకు చెప్పిన ఈ బోధ పాలి భాషలోని బుద్ధబోధల సంకలనాల్లో కనిపిస్తుంది: మజ్ఝిమనికాయంలో పదో సుత్తంగా (బోధగా), మరింత విస్తరించి దీఘనికాయంలో ఇరవై రెండో సుత్తంగా. శరీరం, వేదన (నచ్చడం, నచ్చకపోవడం వంటి అనుభూతి), చిత్తం, ధమ్మాలు (మనసుకు తోచే విషయాలు) అనే నాలుగింటినీ ఉన్నవి ఉన్నట్టు గమనించడం ఇందులోని పని. ఇప్పుడు మనదేశంలో ఎక్కువమంది నేర్చుకుంటున్న రెండు పద్ధతులూ బర్మా నుంచి వచ్చాయి. ఒకటి మహాసీ సయాడో (1904–1982) ప్రచారం చేసింది. రెండోది సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని గోయెంకా 1969లో ఇక్కడికి తెచ్చింది. కింది జవాబులు ఎక్కువగా మహాసీ పద్ధతిని బట్టి ఇచ్చినవి. తేడా ఉన్నచోట ఆ సంగతి చెప్పాం.

ప్రశ్న: రోజూ పొద్దున్నే పావుగంట కళ్ళు మూసుకుని కూర్చుంటున్నాను. రెండు నిమిషాలు కాకముందే కూరగాయలు, కరెంటు బిల్లు, అత్తగారి మందులు అన్నీ గుర్తొస్తాయి. ఆలోచనలు రాకుండా ఆపడం ఎలా? – గృహిణి, తెనాలి

జవాబు: ఆపక్కర్లేదండీ. ఆపాలనుకుని కూర్చోబట్టే ఆ పావుగంట మీకు అంత భారంగా ఉంది. ఆలోచన వచ్చిందని తెలియడమే ఇక్కడ సాధన. రాకుండా ఉండటం అన్నది సాధనలో ఎక్కడా లేదు.

ముందు కూర్చునే తీరు చూసుకోండి. నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తున్న గట్టి దిండు పిరుదుల కింద పెట్టుకుంటే మోకాళ్ళు తుంటి కంటే కిందికి వస్తాయి, నడుము దానంతట అదే నిలబడుతుంది. దిండు మెత్తగా ఉంటే పది నిమిషాల్లో కుంగి వీపు వంగిపోతుంది. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. దవడ, భుజాలు, పొట్ట వదులు చెయ్యండి. చాలామంది పొట్ట బిగబట్టి కూర్చుంటారు, అలా ఉంటే తర్వాత చెప్పేదేదీ సాగదు.

ఇప్పుడు బొడ్డుకు కాస్త పైన ధ్యాస నిలపండి. ఊపిరి లోపలికి వస్తే పొట్ట ఉబ్బుతుంది, బయటికి పోతే తగ్గుతుంది. ఉబ్బడం ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి ఆగేదాకా వెంట ఉండి, మనసులో మెల్లగా 'ఉబ్బుతోంది' అనుకోండి. దిగేటప్పుడు 'తగ్గుతోంది'. మాటకు మీ శ్రద్ధలో కొద్ది భాగమే చాలు, మిగతాదంతా ఆ కదలిక మీద, ఆ బిగువు మీద, ఆ ఒత్తిడి మీద ఉండాలి. కదలిక సరిగ్గా తెలియకపోతే అరచెయ్యి పొట్ట మీద ఆనించి మొదలుపెట్టండి. 'ఉబ్బుతోంది' అంటున్నప్పుడు పొట్ట నిజంగా తగ్గుతోందేమో ఒకసారి చూడండి. తగ్గుతుంటే మాట యాంత్రికంగా ముందు పరుగెడుతోందన్నమాట. రెండు మూడు శ్వాసలు మాట మానేసి కదలికను మాత్రమే చూసి, ఆ తర్వాత మాట కలపండి.

కరెంటు బిల్లు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని తెలియగానే 'ఆలోచన, ఆలోచన' అని గమనించి పొట్ట దగ్గరికి రండి. 'బిల్లు' అనే పేరు పెట్టకండి. పేరు పెడితే కథ కొనసాగుతుంది. తెలిసిన ఆ క్షణంలోనే 'ఛ, మళ్ళీ పోయింది' అనే విసుగు వస్తుంది. కొత్తవాళ్ళు జారిపోయేది ఇక్కడే, ఆలోచన దగ్గర కాదు. ఆ విసుగు కూడా గమనించాల్సిన విషయమే. 'విసుగు' అనుకుని వదిలెయ్యండి. పావుగంటలో ముప్ఫైసార్లు ఇలా తిరిగొస్తే ఆ పావుగంట బాగానే గడిచినట్టు లెక్క.

ఒకే ఆలోచన పట్టుకుని వదలకపోతే ఏం చెయ్యాలో మజ్ఝిమనికాయంలోని వితక్కసంఠాన సుత్తం వరసగా ఐదు ఉపాయాలు చెబుతుంది. దాని బదులు మంచి ఆలోచన పెట్టడం, ఆ ఆలోచన వల్ల వచ్చే నష్టం చూడటం, దాన్ని పట్టించుకోకపోవడం, అది ఎందుకు పుడుతోందో నెమ్మదిగా వెనక్కి వెళ్ళి చూడటం. ఈ నాలుగూ పనిచెయ్యకపోతేనే ఐదోది: పళ్ళు బిగించి, నాలుకను అంగిట్లో నొక్కి మనసును అణచడం. మనవాళ్ళు చాలామంది ఆ ఐదోదానితోనే మొదలుపెడతారు.

ప్రశ్న: ఒక చోట ముక్కు దగ్గర శ్వాస చూడమన్నారు, ఇంకో చోట పొట్ట దగ్గర. ఏది సరి? పైగా శ్వాసను చూడటం మొదలుపెట్టగానే అది నా ఇష్టానికి పొడుగ్గా మారిపోతోంది. – లెక్చరర్, హనుమకొండ

జవాబు: రెండూ సరే. గోయెంకా గారి శిబిరాల్లో ముక్కుపుటాల దగ్గర, పై పెదవి మీద తగిలే శ్వాసను చూడమంటారు. మహాసీ పద్ధతిలో పొట్ట కదలిక. ముక్కు దగ్గర స్పర్శ సన్నగా ఉంటుంది, ఏకాగ్రత త్వరగా కూడుతుంది, కానీ జలుబు చేస్తే ఇబ్బంది. కొందరికి నుదుట బిగువు పట్టి తలనొప్పి కూడా వస్తుంది. పొట్ట కదలిక మోటుగా, స్పష్టంగా ఉంటుంది. కొత్తవారికి, తల ఎక్కువ వాడే వృత్తుల్లో ఉన్నవారికి పొట్టే మేలని మా అభిప్రాయం. ఏదైనా ఒకటి ఎంచుకుని కనీసం నెల రోజులు దానితోనే ఉండండి. ఒకే కూర్చోవడంలో అటూ ఇటూ మారకండి.

శ్వాస కృత్రిమంగా మారడం దాదాపు అందరికీ జరిగేదే. చూడటం, నడపడం అనేవి రెండు పనులు. అలవాటు వల్ల మనం రెండూ కలిపి చేస్తాం. ఊపిరి వదిలాక వెంటనే పీల్చకుండా, పీల్పు దానంతట అది వచ్చేదాకా ఊరికే ఉండండి. వస్తుంది. అలా నాలుగైదు శ్వాసలు చాలు. అప్పటికీ పట్టు వదలకపోతే శ్వాసను పక్కన పెట్టి, పిరుదులు దిండుకు ఆనుతున్న ఒత్తిడిని, చేతులు ఒకదానికొకటి తగులుతున్న వెచ్చదనాన్ని ఐదు నిమిషాలు గమనించండి. శ్వాస తన దారిన పోతుంది. ఇది ప్రాణాయామం కాదు. పొడుగు శ్వాస వస్తే పొడుగని, పొట్టిది వస్తే పొట్టిదని తెలుసుకోమన్నారు గానీ పొడిగించమని సతిపట్ఠాన సుత్తంలో లేదు.

ప్రశ్న: రాత్రి షిఫ్టు ఉద్యోగం. మధ్యాహ్నం లేచి భోంచేసి కూర్చుంటే కునికిపాట్లు. ఏం చెయ్యాలి? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: భోజనానికీ ధ్యానానికీ మధ్య కనీసం గంటన్నర ఎడం ఇవ్వండి, లేదా లేవగానే భోజనానికి ముందే కూర్చోండి. అయినా తూగితే అది నిద్ర బాకీయా, సాధనలో వచ్చే థీనమిద్ధమా (మాంద్యం, మగత) అని తేల్చుకోవాలి. లేచి ఐదు నిమిషాలు చురుగ్గా నడిస్తే మగత పూర్తిగా పోతే అది రెండోది. నడిచినా కళ్ళు మూతలు పడుతుంటే నిద్రే కావాలి, వెళ్ళి పడుకోండి. షిఫ్టు మనిషికి నిద్ర కోసి ధ్యానం చెయ్యమని ఏ గురువూ చెప్పడు.

రెండోదానికి బుద్ధుడు తన శిష్యుడు మొగ్గల్లానుడికి చెప్పిన సలహా ఉంది. మగధలో కల్లవాలముత్త గ్రామంలో ఆయన కూర్చుని తూగుతుంటే చెప్పినది: ఏ ఆలోచనలో ఉండగా మగత కమ్మిందో దాన్ని వదులు, పోకపోతే విన్న ధర్మాన్ని తలుచుకో, పోకపోతే పైకి వల్లించు, పోకపోతే చెవులు లాగి ఒళ్ళు రుద్దుకో, పోకపోతే లేచి కళ్ళు కడుక్కుని దిక్కులూ చుక్కలూ చూడు, పోకపోతే వెలుగును మనసులో నిలుపుకో, పోకపోతే అటూ ఇటూ నడువు. చిట్టచివరికి కుడిపక్కకు తిరిగి, లేచే సమయం మనసులో పెట్టుకుని పడుకో. పడుకోవడం కూడా జాబితాలో ఉందని గమనించండి.

కూర్చునే ఉండి చేయగలిగింది ఒకటుంది. ఏకాగ్రత పెరిగి ప్రయత్నం తగ్గినప్పుడు మగత వస్తుంది కాబట్టి పని పెంచాలి. 'ఉబ్బుతోంది, తగ్గుతోంది' తర్వాత 'కూర్చున్నా' అని మొత్తం శరీర భంగిమను, 'తగులుతోంది' అని పిరుదుల కింది స్పర్శను కలపండి. ఇలా నాలుగు గమనింపులు వరసగా తిరిగితే తూగడానికి సందు దొరకదు.

ప్రశ్న: అరగంట దాటితే మోకాళ్ళు భరించలేనంత నొప్పి. కదలకుండా ఓర్చుకోవాలా? – విశ్రాంత ఉద్యోగి, కాకినాడ

జవాబు: మీ వయసులో నేల మీదే కూర్చోవాలన్న నియమం పెట్టుకోవద్దు. చేతుల్లేని కుర్చీలో, వీపు ఆనించకుండా, రెండు పాదాలూ నేలకు ఆనేలా కూర్చోండి. సాధనలో ఏమీ తగ్గదు. లేచాక పది పదిహేను నిమిషాలకు కూడా తగ్గని నొప్పి, మోకాలి లోపల పొడిచినట్టుండే నొప్పి కీలుకు సంబంధించినవి. వాటిని ఓర్చుకోవడం సాధన కాదు, కీళ్ళ డాక్టరును కలవండి. లేవగానే పోయే తిమ్మిరి, మంట, బరువు మాత్రం గమనించడానికి పనికొచ్చేవి.

వాటిని ఇలా చూడండి. పొట్టను వదిలి నొప్పి దగ్గరికి వెళ్ళండి. 'నొప్పి' అని ఒక్క మాటతో సరిపెట్టక అది మంటా, లాగుడా, పోటా, బిగుతా అని చూడండి. ఒకే చోట ఉందా, కదులుతోందా, ఒకే తీరుగా ఉందా, ఎక్కుతూ దిగుతూ ఉందా. దగ్గరగా చూస్తే మొదట పెరిగినట్టే అనిపిస్తుంది, భయపడకండి. దాంతోపాటు 'ఇది ఎప్పుడు పోతుంది' అనే మాట మనసులో నడుస్తుంటుంది. సల్లత్థ సుత్తంలో రెండు బాణాలని చెప్పింది దీన్నే: ఒంటికి తగిలింది మొదటిది, దాని మీద మనసు పడే గింజులాట రెండోది. రెండోదాన్ని 'అసహనం' అని విడిగా గమనిస్తే మొదటిది చాలావరకు భరించదగినదిగా ఉంటుంది.

ఇక తట్టుకోలేరనుకున్నప్పుడు కదలండి, కానీ చూస్తూ కదలండి. 'కదలాలని ఉంది' అనే కోరికను ముందు గమనించి, చెయ్యి ఎత్తడం, కాలు పట్టుకోవడం, చాపడం, నొప్పి జారిపోవడం, హాయిగా అనిపించడం అన్నీ వరసగా చూడండి. ఆ హాయిని చూడకుండా మింగేస్తే సగం పాఠం పోయినట్టే. గోయెంకా శిబిరాల్లో నాలుగో రోజు నుంచి రోజుకు మూడుసార్లు, గంట చొప్పున, భంగిమ మార్చకుండా కూర్చునే 'అధిష్ఠానం' ఉంటుంది. ఆ నియమాన్ని ఇంటికి తెచ్చుకుని మోకాళ్ళ మీద ప్రయోగించకండి.

ప్రశ్న: ఏడాదిగా ధ్యానం చేస్తున్నా పిల్లల మీద కోపం తగ్గలేదు. అరిచాక గుర్తొస్తుంది 'గమనించాల్సింది' అని. ధ్యానం దిండు మీదేనా? – టీచర్, నిజామాబాద్

జవాబు: ఈ నెల వచ్చిన వాటిలో మంచి ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

సతిపట్ఠానంలో చిత్తాన్ని గమనించే భాగంలో ఎనిమిది జతలుగా పదహారు రకాల చిత్తస్థితులు చెప్పారు. అందులో ద్వేషంతో ఉన్న చిత్తాన్ని 'ద్వేషంతో ఉన్న చిత్తం' అని తెలుసుకోవాలని ఉంది. తెలుసుకోమన్నారు, అంతే. తగ్గించమని ఆ వాక్యంలో లేదు. కోపం పోవాలని గమనించడం మొదలుపెడితే ఆ గమనికలోనే కోపం ఉంటుంది. కోపం మీద కోపం. ఏడాది చేసినా తగ్గలేదన్న మీ మాటలో కూడా అది కొంచెం వినిపిస్తోంది.

కోపం ఎక్కడ మొదలవుతుందో చూడండి. పిల్లాడు బ్యాగు ధడేలున విసిరాడు. చెవికి శబ్దం తగిలింది. అది నచ్చలేదు. ఆ నచ్చకపోవడం నుంచి విసుగు, విసుగు నుంచి 'ఎన్నిసార్లు చెప్పాలి వీడికి' అనే మాట, ఆ మాట నుంచి అరుపు. స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ అని పటిచ్చసముప్పాదంలో (ఒకదాన్ని బట్టి ఒకటి పుడుతుందనే బోధలో) చెప్పిన గొలుసు ఇదే, మీ హాల్లో రెండు సెకన్లలో నడుస్తుంది. వేదన అంటే ఇక్కడ బాధ అని కాదు. నచ్చడం, నచ్చకపోవడం, ఏదీ కాకపోవడం అనే మూడు రకాల రుచి. శబ్దానికీ విసుగుకూ మధ్య 'నచ్చలేదు' అనే చిన్న మెట్టు ఉంది. పట్టుకోవలసింది అక్కడ. విసుగు దాటి మాట మొదలయ్యాక పట్టుకోవడం చాలా కష్టం. అరుపు దగ్గర పట్టుకోవాలని చూస్తున్నారు కాబట్టే మీకు ఎప్పుడూ ఆలస్యమవుతోంది.

ఆ మెట్టు మనసులో కంటే ఒంట్లో ముందు కనిపిస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కో చోట: దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి, గొంతులో ఏదో అడ్డం పడుతుంది, పిడికిలి మూసుకుంటుంది. వారం రోజులు కోపం సంగతి వదిలేసి, మీకు ఏ చోట మొదట తెలుస్తోందో అదొక్కటే చూడండి. దానికి రోజంతా అప్రమత్తంగా ఉండక్కర్లేదు, ఉండలేరు కూడా. స్కూలు నుంచి పిల్లలు ఇంటికి వచ్చే ఆ అరగంట ఒక్కటీ ఎంచుకోండి. తలుపు తియ్యడానికి చెయ్యి గడియ మీద పెట్టగానే ఒక శ్వాస పొట్ట దగ్గర చూసి తియ్యండి.

గమనించడం అంటే నోరు మూసుకోవడం కాదు. బ్యాగు విసరొద్దని చెప్పాల్సిందే. ఒక శ్వాస తర్వాత చెబితే అదే మాట తక్కువ గొంతుతో వస్తుంది, అంతే తేడా.

అరిచేశాక గుర్తొచ్చిందన్నారు. అది కూడా పనికొస్తుంది. చిన్నవాడైన తన కొడుకు రాహులుడికి బుద్ధుడు చెప్పింది: ఒక పని చెయ్యబోయే ముందు, చేస్తుండగా, చేశాక ఇది నాకు గానీ ఇతరులకు గానీ కీడు చేస్తుందా అని చూసుకోమని. చేతలో, మాటలో తప్పు జరిగితే మనసులో పెట్టుకోక తెలిసినవారి ముందు చెప్పుకోమని కూడా. అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఆ బోధను, రాజస్థాన్‌లోని బైరాట్ దగ్గర దొరికిన శాసనంలో అశోకుడు భిక్షువులూ ఉపాసకులూ తరచూ వినాలని పేర్కొన్న ఏడు బోధల్లో చేర్చాడు. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు, ఆ రోజు జరిగిన ఒక్క సంఘటనను తీసుకుని గొలుసు వెనక్కి నడిపించండి: అరుపు, దానికి ముందు మాట, దానికి ముందు విసుగు, దానికి ముందు శబ్దం. పిల్లాడికి 'అరిచాను, సారీ నాన్నా' అని చెప్పడం కూడా అందులో భాగమే. 'నేను కోపిష్టిదాన్ని, ఇంతే' అనే తీర్పు వస్తే దానికి 'తీర్పు' అని పేరు పెట్టి పక్కన పెట్టండి. తనను తాను చూసుకోవడం తనను తాను తిట్టుకోవడంగా మారడమే ఈ సాధనలో చదువుకున్నవాళ్ళకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు.

ప్రశ్న: ధ్యానంలో వెలుగు కనిపిస్తోంది, ఒళ్ళు తేలిపోతున్నట్టుంది. ఇది ఏ దశ? – విజయవాడ

జవాబు: దశ కట్టుకోకండి. వెలుగు, ఆనందం, తేలిక, గొప్ప నమ్మకం, పదునైన గమనిక వంటివి పదింటిని విపస్సనకు (ఉన్నది ఉన్నట్టు చూసే ఈ సాధనకు) ఉపక్లేశాలు, అంటే మకిలి, అని బుద్ధఘోషుడి సాధన గ్రంథం విశుద్ధిమగ్గం చెబుతుంది. వాటిలో పదోది నికంతి, తక్కినవాటి మీద కలిగే మోజు. అసలు చిక్కు దానితోనే. 'వెలుగు' అని, 'ఇష్టం' అని గమనించి పొట్ట దగ్గరికి రండి. రేపు రాకపోతే వెతకొద్దు.

ప్రశ్న: మందులు వాడుతున్నాను (డిప్రెషన్‌కు). పదిరోజుల శిబిరానికి వెళ్ళవచ్చా? అక్కడ ఎలా ఉంటుంది? – హైదరాబాద్

జవాబు: ముందుగా మీ సైకియాట్రిస్టును అడగండి. దరఖాస్తులో మందుల సంగతి దాచకుండా రాయండి. శిబిరం కోసం మందు ఆపడం, డోసు తగ్గించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉన్నవారిని నిర్వాహకులే వద్దంటారు, అది సబబే. పది రోజుల మౌనంలో రోజుకు పది గంటలు కూర్చోవడం మామూలు మనసుకే గట్టి పని.

గోయెంకా పద్ధతి శిబిరాల్లో దినచర్య ఇలా ఉంటుంది: పొద్దున నాలుగింటికి గంట, నాలుగున్నరకు ధ్యానం, పదకొండుకు భోజనం, సాయంత్రం ఐదుకు కొత్తవారికి టీ, పండు, రాత్రి ఏడుకు ఉపన్యాసం, తొమ్మిదిన్నరకు పడక. మొదటి మూడు రోజులూ శ్వాస, నాలుగో రోజు నుంచి తల నుంచి కాళ్ళదాకా శరీర సంవేదనలు చూడటం, పదో రోజు మైత్రి (అందరి మేలు కోరుకునే ధ్యానం). ఆ రోజే మౌనం వదులుతారు. ఫోను, పుస్తకం, రాసుకోవడం, జపం, పూజ ఏవీ ఉండవు. ఫీజు లేదు, పూర్తి చేసినవారు ఇష్టమైతే దానం ఇస్తారు. హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గర నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మవిజయ ఉన్నాయి. మీ పరిస్థితిలో మా సలహా మాత్రం: ముందు ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు, సగం నడకతో, ఆరు నెలలు. ఆ తర్వాత శిబిరం. కూర్చుంటే దిగులు ముదురుతున్నా, నిద్ర చెడుతున్నా ఆపి డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: నడక ధ్యానం ఎలా? మాది అపార్ట్‌మెంటు. – విశాఖపట్నం

జవాబు: డాబా మీదో, వరండాలోనో పది పదిహేను అడుగులు వెయ్యడానికి చోటుంటే చాలు. చెప్పులు వద్దు. చేతులు ముందో వెనకో పట్టుకుని, చూపు నాలుగైదు అడుగుల ముందు నేల మీద ఉంచండి. పాదాల వైపు చూడకండి, మెడ పట్టేస్తుంది. మొదటి పది నిమిషాలు మామూలు వేగంతో 'కుడి', 'ఎడమ'. తర్వాత కాస్త నెమ్మదించి 'ఎత్తడం', 'పెట్టడం'. ఇంకా నెమ్మదిగా 'ఎత్తడం', 'జరపడం', 'పెట్టడం'. మాట మీద కంటే మడమ లేచేటప్పటి తేలిక, పాదం ఆనేటప్పటి బరువు, గచ్చు చల్లదనం మీద ధ్యాస పెట్టండి. చివర చేరాక 'నిలబడ్డా' అని ఆగి, తిరగాలన్న ఉద్దేశాన్ని కూడా గమనించి తిరగండి. ధ్యాస జారేది ఎక్కువగా ఆ మలుపులోనే. తూలుతుంటే వేగం తగ్గించడంలో తొందరపడ్డారన్నమాట, 'కుడి, ఎడమ'కు వెళ్ళండి. నడకలో వచ్చిన ఏకాగ్రత ఎక్కువసేపు నిలుస్తుందని అంగుత్తరనికాయమనే మరో పాలి సంకలనంలో నడక ప్రయోజనాలు ఐదు చెప్పిన చోట ఉంది. తిన్నది అరుగుతుందని కూడా అక్కడే ఉంది. కూర్చునే ముందు నడిస్తే మంచిది.

ప్రశ్న: రోజూ పూజ, లలితా పారాయణ చేస్తాను. ఇది కూడా చెయ్యవచ్చా? – రాజమహేంద్రవరం

జవాబు: చెయ్యవచ్చు. రెండూ ఒకేసారి కలపకండి. పొట్ట కదలిక చూస్తూ లోపల నామం నడిపితే రెండూ సగం సగమవుతాయి.

ప్రశ్న: శ్వాసను లెక్కపెట్టవచ్చా? – కరీంనగర్

జవాబు: పెట్టవచ్చు. విశుద్ధిమగ్గంలో బుద్ధఘోషుడు దానికి హద్దు కూడా చెప్పాడు: ఐదుకు తక్కువ కాకూడదు, పదికి మించకూడదు. ఐదు లోపే ఆగితే మనసు ఇరుకులో గింజుకుంటుంది. పది దాటితే శ్వాసను వదిలి అంకెను పట్టుకుంటుంది. ఊపిరి వదిలే చివర ఒక అంకె, పది కాగానే మళ్ళీ ఒకటి. ఇరవై మూడు దగ్గర తేలితే ఎక్కడ తప్పిందో వెతక్కుండా ఒకటి నుంచి మొదలుపెట్టండి. అంకె లేకుండానే ధ్యాస శ్వాస మీద నిలబడుతోందని తెలిసిన రోజు లెక్క ఆపెయ్యండి.